తేట ఎక్కడ పోస్తారు?

గ్రీక్ యోగర్ట్, అంటే నీళ్ళు తీసి చిక్కబరచిన పెరుగు, చేసే యూనిట్ పెడదామనుకునేవాళ్ళు నెలకి ఇద్దరు ముగ్గురైనా మా దగ్గరికి వస్తుంటారు. ఎక్కువమంది పండక్కో సెలవులకో ఊరొచ్చిన కుర్రాళ్ళే. కూర్చోగానే మొదట అడిగేది మిషను ఎంతయిందని. ఆ తర్వాత కప్పు మీద ఎంత మిగులుతుందని. ఆ పెరుగు చిక్కబడేటప్పుడు దిగే పల్చటి నీళ్ళే తేట. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా "తేట ఎక్కడ పోస్తారండీ?" అని అడగలేదు. మొదలుపెట్టినప్పుడు ఆ ప్రశ్న నేనూ వేసుకోలేదు. దాని ఖరీదు తర్వాత కట్టాను. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కొత్తపేట దగ్గర ఊరు. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో కొబ్బరితోటలు, అరటి, వరి. నాన్నగారు 22 ఏళ్ళు పాలకేంద్రం నడిపారు. తెల్లవారుజామున అయిదింటికి చెంబులతో, చిన్న కేన్లతో జనం వరసకట్టేవాళ్ళు. వెన్న శాతం చూసి పుస్తకంలో రాయడం నా చిన్నప్పటి పని. నేను తిరుపతిలో డెయిరీ టెక్నాలజీ చదివి, ఒక పెద్ద డెయిరీ ల్యాబ్‌లో ఆరేళ్ళు పనిచేశాను. 2017లో నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయింది. చూసుకోవడానికి వచ్చినదాన్ని ఇక్కడే ఉండిపోయాను.

2018లో పది లీటర్ల పాలతో మొదలుపెట్టాను. పాలను 90 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి, 43కి చల్లార్చి, తోడు వేసి, అయిదారు గంటల తర్వాత పీహెచ్ (పులుపు కొలత, పులిసేకొద్దీ తగ్గుతుంది) 4.6కి రాగానే చల్లబరచడం. తర్వాత పెరుగును శుభ్రమైన మల్లుగుడ్డలో మూటకట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా వేలాడదీయడం. తెల్లారేసరికి తేట కింది గిన్నెలోకి దిగి, గుడ్డలో చిక్కటి ముద్ద మిగిలేది. నాయనమ్మ చూసి, "ఇంత చదువు చదివి పెరుగు మూట కడుతున్నావా తల్లీ" అంది. నిజమే, ఇందులో కొత్త విద్య ఏమీ లేదు. ఏథెన్స్‌లో 1926లో ఒక చిన్న పాలకొట్టుగా మొదలైన ఫాయె కంపెనీ ప్రపంచానికి అమ్మింది కూడా ఈ మూటపెరుగునే.

మొదటి నెల చేసినదంతా పాడైంది. పాలు పాడై కాదు, పాలు మరీ మంచివై. మా వైపు గేదె పాలలో ఏడు శాతం వెన్న మామూలు. ఆ పాలతో తోడుపెట్టి తేట తీసేస్తే వెన్న ఇంకా చిక్కబడి నోట్లో పెరుగులా కాక మీగడలా అంటుకుంటుంది. విదేశాల్లో ఈ పెరుగు ఎక్కువగా ఆవుపాలతో చేస్తారు కాబట్టి చదువుకున్న లెక్కలేవీ మా గేదెకు సరిపోలేదు. చివరికి చేతితో తిప్పే క్రీమ్ సెపరేటర్ కొని, వెన్నను ఒకటిన్నర శాతానికి దించాను. అక్కడి నుంచి ముద్ద నున్నగా రావడం మొదలైంది.

గేదె పాలకు ఇంకో సుగుణం ఉంది. ఆవుపాలలో మాంసకృత్తులు మూడు శాతం పైచిలుకు, గేదె పాలలో నాలుగు దాటతాయి. చిక్కబరచిన పెరుగులో కనీసం 5.6 శాతం ఉండాలని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం. నేను తొమ్మిది పైన ఉండాలని పెట్టుకున్నాను. ఆవుపాలతో అక్కడికి చేరాలంటే వంద లీటర్లకు ముప్ఫై కిలోల ముద్ద మించి రాదు. వెన్న తీసిన మా గేదె పాలకు నలభై దాకా వస్తుంది. తీసిన మీగడ కాచి నెయ్యి చేస్తే ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టేవాళ్ళు తీసుకునేవారు. మొదటి రెండేళ్ళూ మేం నిలబడింది పెరుగు మీద కాదు, ఆ నెయ్యి మీద.

ఊళ్ళో ఎవరూ కొనలేదు. నీళ్ళు తీసేసిన పెరుగును మామూలు పెరుగు కంటే మూడింతల ధర పెట్టి ఎందుకు కొంటారు? నేనూ వాళ్ళకు అమ్మాలని చూడలేదు. రాజమండ్రిలో రెండు జిమ్ములు, ఒక డైటీషియన్ గారు, కాకినాడలో ఒక సూపర్ మార్కెట్. అంతే. డైటీషియన్ గారు షుగరు ఉన్నవాళ్ళకు చెబుతానంటే, మందులాగా మాత్రం చెప్పకండని బతిమాలాను. తేటతోపాటు పాలచక్కెర కొంత పోతుంది, మాంసకృత్తులు చిక్కబడతాయి. అంతకు మించి కప్పు మీద ఒక్క మాటా రాయలేదు, ఇప్పటికీ రాయం.

లైసెన్సుల గోల త్వరగా చెప్పేస్తాను. అప్పట్లో రోజుకు 500 లీటర్ల లోపు, ఏడాదికి 12 లక్షల అమ్మకం లోపు అయితే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. దగ్గర రిజిస్ట్రేషన్ సరిపోయేది. అది దాటితే రాష్ట్ర లైసెన్సు. దరఖాస్తు కష్టం కాదు. నీటి పరీక్ష రిపోర్టు, గదుల ప్లాను, పనివాళ్ళ ఆరోగ్య పత్రాలు ముందే చేతిలో ఉంచుకుంటే తిరగక్కర్లేదు.

కష్టం మొదలైంది పాలు 400 లీటర్లు దాటాక.

2019 సెప్టెంబరులో ఒక రోజు పాలు తోడుకోలేదు. అయిదు గంటలైంది, ఏడైంది, పీహెచ్ 5.9 దగ్గరే ఆగిపోయింది. తోడు పాతదేమోనని కొత్త పొట్లం విప్పి మర్నాడు వేశాను. మళ్ళీ అంతే. మా తోడులో ఉండేవి రెండు రకాల సూక్ష్మజీవులు, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గేరికస్. వాటిలో మొదటిది యాంటీబయాటిక్‌కు ఎంత సున్నితమంటే, పాలలో పెన్సిలిన్ జాడ ఉన్నా పని ఆపేస్తుంది. ల్యాబ్‌లో ఆరేళ్ళు చేసిన నాకు ఇది తెలుసు. తెలిసీ రెండు రోజులు తోడునే అనుమానించాను.

నాన్నగారు ఒక్క మాటడిగారు. "ఎవరి గేదెకన్నా పొదుగువాపు వచ్చిందేమో కనుక్కున్నావా?"

సాయంత్రం ఆయనే కర్ర పట్టుకుని ఇంటింటికీ వెళ్ళారు. ఆరో ఇంట్లో తెలిసింది. ఒంటరిగా రెండు గేదెల మీద బతుకుతున్న ఒకావిడ. ఒక గేదెకు పొదుగువాపు వస్తే డాక్టరుగారు చనులోకి యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కించారు. నాలుగు రోజులు ఆ పాలు పోయవద్దన్నారు కూడా. "నాలుగు రోజులు పాలు మానేస్తే దాణా ఎట్టా తేవాలండీ అయ్యగారూ" అందట. నాన్నగారు ఇంటికొచ్చి నాకు ఆ మాట చెప్పి, "ఆవిణ్ణి ఏమీ అనకు" అన్నారు.

ఆ రాత్రి మేం పెట్టుకున్న నియమం ఇప్పటికీ నడుస్తోంది. గేదెకు మందు వేయించామని ముందే చెబితే, ఆ పాలు విడిగా తీసుకుంటాం, పెరుగులో కలపం, పారబోస్తాం, కానీ డబ్బు పూర్తిగా ఇస్తాం. చెప్పకుండా పోసి దొరికితే పది రోజుల బిల్లు ఆపుతాం. బిల్లు ఆపాల్సి వచ్చింది ఇంతవరకు రెండే సార్లు. పారబోసిన పాలకు మేం ఏడాదికి కట్టే డబ్బు, పాడైన ఒక్క రోజు పాల ఖర్చు కంటే తక్కువ. తర్వాత యాంటీబయాటిక్ పరీక్ష పట్టీలు కూడా తెప్పించాం. కానీ పట్టీ చూపించేది తప్పు జరిగాకే. ముందే నోరు విప్పి చెప్పే రైతు అంతకంటే విలువైనవాడు.

2020 మార్చిలో అన్నీ ఆగిపోయాయి. జిమ్ములు మూతపడ్డాయి, బస్సులు లేవు. పాలు మాత్రం ఆగవు కదా, గేదెకు లాక్‌డౌన్ తెలియదు. రైతుల్ని రావద్దనలేక వచ్చిన పాలన్నీ తీసుకుని వెన్న తీసి నెయ్యి కాచాం. వెన్న తీసిన పాలను మామూలు పెరుగు చేసి ఊళ్ళోనే తక్కువకు అమ్మాం. ఆ రెండు నెలల ఖాళీలో నేను అమెరికాలో గ్రీక్ యోగర్ట్ చేసే చొబానీ కంపెనీ గురించి దొరికినదంతా చదివాను.

దాన్ని పెట్టిన హమ్దీ ఉలుకాయా టర్కీలో పుట్టిన కుర్దు. గొర్రెల కాపరుల కుటుంబం. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని సౌత్ ఎడ్మెస్టన్ అనే పల్లెలో క్రాఫ్ట్ కంపెనీ మూసేస్తున్న పాత పెరుగు ఫ్యాక్టరీని 2005లో అప్పు చేసి కొన్నాడు. తీసుకున్నది అయిదుగురు పనివాళ్ళను. మొదటి వేసవిలో వాళ్ళు చేసిన పని గోడలకు సున్నం కొట్టినట్టు తెల్లరంగు వేయడం. పెరుగు బజారుకు వచ్చింది 2007లో. అయిదేళ్ళలో అమ్మకాలు వంద కోట్ల డాలర్లు దాటాయి. 2012 చివర్లో ఐడహో రాష్ట్రం ట్విన్ ఫాల్స్‌లో ఇంకో మహా ఫ్యాక్టరీ. అందరూ ఈ కథలో ఆ వంద కోట్ల దగ్గర ఆగుతారు. నాకు పట్టుకున్నది 2005కీ 2007కీ మధ్య కాలం. దాదాపు రెండేళ్ళు కప్పు బయటికి పంపకుండా, రుచి కుదిరేదాకా చేసిందే చేశారు. వాళ్ళ తేటను చుట్టుపక్కల రైతులు పశువుల మేతకూ పొలాలకూ తీసుకెళ్ళేవాళ్ళని కూడా అందులోనే చదివాను. చదివి ముందుకెళ్ళిపోయాను. అప్పటికి మా తేట రోజుకు 200 లీటర్లు మించలేదు, కొబ్బరిచెట్ల మొదట్లో పోసేవాళ్ళం.

2021లో చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పి.ఎం.ఎఫ్.ఎం.ఈ. పథకం కింద బ్యాంకు అప్పు తీసుకున్నాం. అప్పట్లో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ వచ్చేది. మన వాటా పది శాతం పెట్టుకోవాల్సి వచ్చేది. ఆ డబ్బుతో పాలు చల్లబరిచే ట్యాంకు, పాలు తోడుపెట్టే 500 లీటర్ల తొట్టి, కప్పులు నింపి సీలువేసే మిషను, ఒక చల్లగది వచ్చాయి. సబ్సిడీ చేతికి వెంటనే రాదు, అప్పు ఖాతాకే జమ అవుతుంది, అదీ తర్వాత. దాన్ని నమ్ముకుని రోజువారీ ఖర్చులు వేసుకోవద్దు.

పెరగడమంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. ఒక లెక్క చెబుతాను. రోజుకు 1,000 లీటర్లు, లీటరు 60 రూపాయలు అనుకోండి. రోజుకు 60 వేలు. రైతుకు పది రోజులకొకసారి డబ్బు ఇచ్చి తీరాలి, మా వైపు పాలడబ్బుతోనే పిల్లల ఫీజులు, మందులు, దాణా. హైదరాబాద్‌లో పెద్ద దుకాణాలవాళ్ళు మాకు ఇచ్చేది 60 రోజులకు. అంటే మధ్యలో 50 రోజుల పాలడబ్బు, 30 లక్షలు, ఎప్పుడూ మా జేబులోంచి బయట తిరుగుతూ ఉండాలి. అమ్మకం రెట్టింపైతే అది 60 లక్షలు. లాభం వస్తూనే ఉంటుంది, ఇంట్లో డబ్బుండదు. 2021 దసరాకి రైతుల బిల్లు కట్టడానికి నా గాజులు కుదువ పెట్టాను. మా ఆయన అమలాపురంలో లెక్చరరు, ఆయన జీతం అప్పటికే వాయిదాలకు పోతోంది. ఆ నెలే రెండు పెద్ద దుకాణాలకు సరుకు మానేశాను. వారానికోసారి డబ్బిచ్చే చిన్న కొట్లు, విజయవాడ, విశాఖలో ఇళ్ళకు నేరుగా పంపే చందాలు పట్టుకున్నాను. అమ్మకం మూడో వంతు తగ్గింది. ఆ తర్వాత ఒక్క బిల్లు కూడా ఆలస్యం కాలేదు.

2022 జులై. ఆ నెల 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన పెరుగుకు అయిదు శాతం జీఎస్టీ వచ్చింది. కొత్త ధరల లేబుళ్ళు అచ్చువేయించాలని కూర్చున్న వారంలోనే గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, 25 లక్షల క్యూసెక్కులు దాటి నీరు దిగింది. జులైలో అంత వరద మా నాన్నగారు కూడా ఎరగరు. లంకల్లో ఉన్న మా రైతులు గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలుకొచ్చి టార్పాలిన్ల కింద ఉన్నారు. గడ్డి లేదు. పాలు మూడో వంతుకు పడిపోయాయి. వచ్చిన కాసిని పాలు పడవల మీద వచ్చాయి. కరెంటు రెండు రోజులు లేదు, జనరేటర్‌కు డీజిలు క్యాన్లతో మోసుకొచ్చాం. పెరుగు ఆపేసి, వచ్చిన పాలు కాచి గట్టు మీద పిల్లలకే పోశాం. ఆ నాలుగు రోజులూ నాకు కంపెనీ గుర్తు రాలేదు. నీరు తీశాక అందరూ మళ్ళీ మా కేంద్రానికే వచ్చారు.

తర్వాత ఏడాది బాగా నడిచింది. రుచులు పెట్టాం. పనస వెళ్ళింది. కొబ్బరి మా ప్రాంతపు గొప్ప కదా, పచ్చికొబ్బరి కోరు కలిపి ఒక రకం చేస్తే వారం తిరిగేసరికి సబ్బు రుచి వచ్చేసింది. కొబ్బరికోరుతో వచ్చిన బూజు, దాని ఎంజైములు కొబ్బరినూనెను విరిచేస్తే వచ్చే రుచి అది. నెల రోజులు తలకొట్టుకున్నాక అమ్మ అంది, "లౌజు చేసి వేయవచ్చు కదే." బెల్లంపాకంలో బాగా ఉడికించిన కొబ్బరి లౌజు, చల్లార్చి కప్పు అడుగున ఒక చెంచా, పైన పెరుగు. ఉడకడంతో బూజూ పోయింది, ఎంజైములూ చచ్చాయి. ఇప్పుడు మా కప్పుల్లో అన్నిటికంటే ఎక్కువ పోయేది అదే.

బూజు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2023 వానాకాలంలో ఒక లాటులో కప్పు మూత కింద నల్లమచ్చలు కనబడ్డాయి. మా గాలిలో తేమ, మల్లుగుడ్డలు ఆరడానికి ఎండ లేకపోవడం, రెండూ కలిశాయి. 900 కప్పులు దుకాణాల నుంచి వెనక్కి తెప్పించి పూడ్చిపెట్టాం. కొన్నవాళ్ళకు ఫోన్లు చేసి డబ్బు వాపసు ఇచ్చాను. చొబానీ అంతటి కంపెనీకే 2013లో మ్యూకర్ అనే బూజు వల్ల సరుకు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. గుడ్డతో వందల కిలోలు చేయకూడదని ఆ రోజే తేలింది. పెరుగును తిప్పి తేట వేరుచేసే సెంట్రిఫ్యూగల్ సెపరేటర్ సెకండ్ హ్యాండ్‌ది ఒకటి తెచ్చాం. రాత్రంతా పట్టే పని గంటన్నరలో అవుతోంది. రోజుకు 1,200 లీటర్ల పాలు తీసుకోవడం మొదలుపెట్టాం.

గుడ్డలో తేట మెల్లగా బొట్లుబొట్లుగా దిగేది. సెపరేటర్ పైపులోంచి ఒక్క వరసన 700 లీటర్లు వస్తుంది. కొబ్బరిచెట్లు తాగలేవు. మొదళ్ళు పులిసి వాసన, ఈగలు. పనివాళ్ళు ఒక రోజు పైపును వెనక బోదెలోకి వదిలారు. నేను చూశాను. రెండు రోజులే కదా, గుంట తవ్వించేస్తాం అనుకున్నాను. అవి పన్నెండు రోజులయ్యాయి.

ఆ బోదె నీరు చినబాబాయ్ చేపల చెరువులోకి పోతుంది. నాన్నగారి పినతండ్రి కొడుకు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఒకసారి చెరువు గట్టుకు రా."

బొచ్చెలు, శీలావతులు నీటి పైన నోళ్ళు తెరుచుకుని తేలుతున్నాయి. పనివాళ్ళు ఆక్సిజన్ బిళ్ళలు విసురుతున్నారు, ఇంజను పెట్టి నీళ్ళు చిమ్ముతున్నారు. ఎండెక్కేసరికి సగం చెరువు తెల్లగా తిరగబడిపోయింది. బాబాయ్ ఒక్క మాట అనలేదు. గట్టు మీద కూర్చుని, "మీ నాన్న నాకు చెప్పలేదే ఈ నీళ్ళ సంగతి" అన్నారు. నాన్నగారికీ తెలియదు. నేనే చెప్పలేదు.

తేట చూడ్డానికి పల్చటి పచ్చనీళ్ళు. విషం ఏమీ కాదు, తాగొచ్చు కూడా. అందులో పాలచక్కెర, లాక్టిక్ ఆమ్లం, కాల్షియం, కాస్త మాంసకృత్తులు ఉంటాయి. అదే దాని చిక్కు. నీటిలో కలిస్తే సూక్ష్మజీవులకు విందు. అవి తిని పెరుగుతూ నీటిలో ఉన్న ఆక్సిజన్ అంతా లాగేస్తాయి. ఆ ఆక్సిజన్ అవసరాన్ని బీఓడీ అని కొలుస్తారు. ఊళ్ళ మురుగునీటికి లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములుంటే, తేటకు 30 వేలు దాటుతుంది. ఒక లీటరు తేట వంద లీటర్ల మురుగు చేసే పని చేస్తుందన్నమాట. పరీక్షలో ఈ అంకె రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను.

బాబాయ్‌కి 2,40,000 రూపాయలు కట్టాను. అడిగింది కాదు, చెరువు లెక్క ఇద్దరం కూర్చుని వేసి కట్టింది. నాలుగు వాయిదాల్లో. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రాల్లో మురుగునీటి శుద్ధి అని ఒక గడి ఉంటుంది. అంతవరకు మేం కడిగిన నీళ్ళ లెక్కే అక్కడ రాశాం. తేటను ఏంచేస్తామన్నది రాయలేదు. ఆ కాగితం సరిచేయించాను. 400 లీటర్లకు తగ్గించి రెండు నెలలు నడిపాం.

శుద్ధి ప్లాంటు కోట్ చేస్తే మా ఫ్యాక్టరీ అంత ఖర్చు. తేటను ఎండబెట్టి పొడి చేద్దామంటే, జున్ను చేసేటప్పుడు వచ్చే తియ్యటి తేట పొడి అవుతుంది కానీ మా పుల్లటిది గోడలకు బంకలా అంటుకుంటుంది, మా స్థాయికి అయ్యే పని కాదు. ఇదంతా నేను కాగితాల మీద వేస్తుంటే నాన్నగారు విని, "కుడితిలో పోస్తే తాగవా?" అన్నారు.

అమెరికా రైతులు మేతలో కలుపుతారని నాలుగేళ్ళ కిందట చదివి ఉన్నాను. మా ఊళ్ళో ప్రతి గేదె ముందూ కుడితి తొట్టి ఉంటుంది. బియ్యం కడుగునీళ్ళు, గంజి, తవుడు, చిట్టు అందులోనే. రెంటినీ కలిపి ఆలోచించలేదు.

పశువైద్యులను అడిగితే రెండు జాగ్రత్తలు చెప్పారు. ఒకేసారి ఎక్కువ పోస్తే కడుపులో పులుపు పెరిగి జబ్బు చేస్తుంది, లీటరుతో మొదలుపెట్టి పది పన్నెండు రోజుల్లో పెంచండి, పశువుకు పది లీటర్లు దాటనివ్వకండి. తాజాది మాత్రమే పోయండి, నిన్నటిది వద్దు. మొదట మా రెండు గేదెలకు పోశాం. ఒకటి మూతి తిప్పేసింది. తవుడు కలిపితే తాగింది. నెల తర్వాత ఏడు ఇళ్ళు. పాలు పెరుగుతాయని నేనెవరికీ చెప్పలేదు. తవుడు ఖర్చు కాస్త తగ్గిందని వాళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నారు.

ఇప్పుడు పాలబండి ఉదయం పాలు తెచ్చి దించాక నీలం డ్రమ్ముల్లో తేట ఎక్కించుకుని అవే ఇళ్ళకు వెళుతుంది. పాల కేనుల్లో తేట ఎప్పుడూ పోయనివ్వను. పులుపు మరక ఒక్క కేనులో మిగిలినా మర్నాటి పాలు విరుగుతాయి. కేన్లు తెల్లవి, డ్రమ్ములు నీలం, మూతలకు కూడా రంగు వేయించాను. చదువురానివాళ్ళు కూడా పొరపడకూడదు. తేటకు డబ్బు తీసుకోం. బండి డీజిలు మాదే. 78 గేదెలు రోజూ తాగుతున్నాయి. ముర్రుపాలప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు వద్దంటారు. ఆ రోజుల్లో మిగిలిన కొద్దిపాటి తేట కోసం పేడతో కలిపి నడిచే చిన్న గోబర్ గ్యాస్ గుంట కట్టించాం. దాని మంటతోనే లౌజు ఉడుకుతోంది.

బాబాయ్ చెరువులో మళ్ళీ పిల్ల వేశారు. మొదటి ఏడాది నన్ను గట్టు మీదికి రమ్మనలేదు. నిరుడు చేప పట్టినప్పుడు కబురు చేశారు, ఒక శీలావతి ఇంటికి పంపారు.

పోయిన నెల హైదరాబాద్ నుంచి ఒక పెద్ద కొనుగోలుదారు ఫోన్ చేశారు. రోజుకు 3,000 లీటర్ల పాలతో పెరుగు వారి పేరు మీద చేసివ్వాలట. పదిహేను రోజులకు డబ్బు. మా వాళ్ళంతా సంతోషించారు. మిషను సరిపోతుంది, ఇంకో చల్లగది వేయాలి, బ్యాంకు మేనేజరుగారు ఇస్తామన్నారు. నేను వాళ్ళను ఒక నెల ఆగమన్నాను. 3,000 లీటర్ల పాలంటే మరో 1,700 లీటర్ల పైన తేట. పశువుకు పది లీటర్ల చొప్పున ఇంకో 170 గేదెలు కావాలి, అవీ బండి గంటలోపు చేరగల ఊళ్ళలో. ఎక్కువ ఇళ్ళకు రెండేసి గేదెలే.

నాన్నగారు పాలకేంద్రం నాటి పాత పుస్తకం అట్టలు దులిపి తీశారు. ప్రతి సాయంత్రం స్కూటర్ వెనక కూర్చుని నాతో వాడపాలెం వైపు, పలివెల వైపు వస్తున్నారు. ఎవరింట్లో ఎన్ని గేదెలు, ఏది లేత పాడి, ఏది ముదురు పాడి, కుడితి తొట్టి ఎంతది అన్నీ రాసుకుంటున్నారు. నిన్నటికి 96 అయ్యాయి.